68 కమారోకి వెనక సస్పెన్షన్: ఫోర్ లింక్ కొనే ముందు చూసుకోవాల్సినవి

మీ కారు 1968 షెవ్రొలే కమారో. 350 ఇంజను, మన్సీ ఎం20 ఫోర్ స్పీడ్ గేర్‌బాక్స్, వెనక 10 బోల్ట్ యాక్సిల్, 3.73 గేరు. సిగ్నల్ పడగానే గట్టిగా లాగితే వెనక చక్రాలు దడదడా ఎగురుతున్నాయని, హైవే ర్యాంపు మలుపులో వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా పక్కకు ఒరుగుతోందని రాశారు. షాపువాళ్లు ఫోర్ లింక్ కాయిల్‌ఓవర్ కిట్ వేయించుకోమన్నారు, అంటే లీఫ్ స్ప్రింగులు తీసేసి యాక్సిల్‌ను నాలుగు కడ్డీలతో పట్టుకుని, షాకు చుట్టూ కాయిల్ స్ప్రింగున్న జతతో బరువు మోయించే అమరిక, అది మీ బడ్జెట్‌కి రెండింతలు. వేయించుకోవాలా, వేరే దారి ఉందా అని అడిగారు. పనిలో పనిగా షెవెల్ సంగతి కూడా అడిగారు.

ముందే చెప్పేస్తాను. వారాంతాల్లో తిప్పుకుంటూ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య మలుపుల్లో టైము చూసే పోటీకి) వెళ్లే 350 కమారోకి ఫోర్ లింక్ అక్కర్లేదు. మంచి లీఫ్ స్ప్రింగులు, బిగువైన బుష్‌లు, వాటికి సరిపోయే షాక్ అబ్జార్బర్లు, కొలిచి పెట్టిన పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ ముక్కు) కోణం ఉంటే ఆ కారు చాలా బాగా నడుస్తుంది. అయితే నా మాట గుడ్డిగా తీసుకోవద్దు. లీఫ్ స్ప్రింగ్ ఎక్కడ చాలుతుందో, ఎక్కడ చాలదో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

మీ కారు వెనక ఉన్న లీఫ్ స్ప్రింగులు మన లారీలకు ఉండే కమాన్ పట్టీల్లాంటివే. ఒక్కో పట్టీ నాలుగు పనులు చేస్తుంది. వెనక బరువు మోస్తుంది. యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకుంటుంది. పక్కలకు జరగకుండా చూస్తుంది. ఇంజను బలానికి యాక్సిల్ గొట్టం తిరగబోతే దాన్నీ ఆపుతుంది. పెళ్లింట్లో ఒక్క మనిషే వండి, వడ్డించి, చుట్టాలను చూసుకుని, లెక్కలు కూడా రాస్తున్నట్టు అన్నమాట. మార్కెట్లో దొరికే ఏ అప్‌గ్రేడ్ అయినా ఈ నాలుగు పనుల్లో ఒకదాన్నో రెండింటినో పట్టీ నెత్తి మీద నుంచి దించేదే. కాబట్టి మీ కారులో పట్టీ ఏ పని చేయలేకపోతోందో ముందు తేల్చుకోవాలి. ఏ బ్రాండు కొనాలన్నది ఆ తర్వాతి సంగతి.

మీరు చెప్పిన దడ నాలుగో పనికి సంబంధించింది. అది ఎంత బరువైన పనో లెక్కేసి చూద్దాం. మీ ఇంజను 380 ఫుట్ పౌండ్ల టార్క్ ఇస్తోంది అనుకుందాం. ఎం20లో ఫస్ట్ గేరు 2.52. యాక్సిల్ 3.73. మూడూ గుణిస్తే దాదాపు 3,570 ఫుట్ పౌండ్లు వస్తుంది. చక్రాలను ముందుకు తిప్పే ఈ బలమే, అంతే జోరుగా, యాక్సిల్ గొట్టాన్ని వెనక్కి తిప్పబోతుంది. పినియన్ ముక్కు పైకి లేస్తుంది. యాక్సిల్‌కి ముందున్న పట్టీ పైకి, వెనకున్న పట్టీ కిందికి వంగి ఎస్ ఆకారంలోకి పోతుంది. వంగగలిగినంత వంగాక టైరు పట్టు తప్పుతుంది. పట్టు తప్పగానే పట్టీ విదిలించుకుని పాత ఆకారానికి వస్తుంది. టైరుకి మళ్లీ పట్టు దొరుకుతుంది, పట్టీ మళ్లీ వంగుతుంది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరిగితే మీకు వినిపించే దడ అదే, వీల్ హాప్. దీన్ని అశ్రద్ధ చేయకండి. యూ జాయింట్లు, యాక్సిల్ షాఫ్టులు, రింగ్ గేరు పళ్లు విరిగేది ఇలాంటి దెబ్బలకే. బాగయ్యేదాకా దయచేసి లాంచ్‌లు, అంటే నిలబడ్డ చోట నుంచి గట్టిగా లాగడాలు, ఆపేయండి.

జనరల్ మోటార్స్ ఇంజనీర్లకూ ఇది మొదట్లోనే అర్థమైంది. 1967 కమారోల్లో ఒక్కోవైపు ఒకే ఆకు ఉన్న పట్టీ ఉండేది, మోనో లీఫ్ అంటాం. రెండు షాకులూ యాక్సిల్‌కి ముందువైపే ఉండేవి. పవర్ ఎక్కువున్న కార్లలో యాక్సిల్ తిరగకుండా కుడివైపు ఒక రాడ్ బిగించారు. 1968కి వచ్చేసరికి ఒక షాకును యాక్సిల్‌కి ముందు, ఇంకోదాన్ని వెనక పెట్టారు. యాక్సిల్ తిరగబోతే ఒక షాకు ముడుచుకుంటుంది, ఇంకోటి సాగుతుంది, ఆ ఊపు అక్కడే అణుగుతుంది. జోరైన మోడళ్లకు మల్టీ లీఫ్, అంటే ఆకుల కట్ట, కూడా ఇచ్చారు. మీది 68 కాబట్టి షాకుల అమరిక మంచిదే ఉంది. పట్టీ ఒకటా, కట్టా అన్నది మీరు రాయలేదు. ఫ్లాష్‌లైట్ పట్టుకుని కిందికి ఓసారి చూడండి.

చూసేటప్పుడు మిగతావీ చూసేయండి. ముందు ఐ (పట్టీ ముందు కొసన ఉండే చుట్ట) బుష్‌లో రబ్బరు పగిలి బోల్టు ఒక పక్కకు జరిగి ఉందా? వెనక షాకిల్ (పట్టీ వెనక కొసను బాడీకి వేలాడదీసే లింకు) బుష్‌లు నలిగి గుండ్రతనం పోయిందా? యాక్సిల్‌ను పట్టీకి కట్టే యూ బోల్టులు వదులయ్యాయా? పట్టీకీ యాక్సిల్‌కీ మధ్యనుండే రబ్బరు ప్యాడ్లు ఉన్నాయా, అరిగిపోయాయా? తర్వాత కారును చదునైన చోట నిలిపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండువైపులా కొలవండి. అర అంగుళం పైన తేడా ఉంటే ఒకవైపు పట్టీ జారిపోయినట్టే. యాభై ఏళ్లు దాటిన కారు ఇది. మలుపులో వెనక భాగం ఆలస్యంగా ఒరగడానికి, నా అనుభవంలో, చచ్చిపోయిన బుష్‌లే ఎక్కువసార్లు కారణం. బాడీ ముందు ఒరిగి, యాక్సిల్ ఆ తర్వాత పక్కకు సర్దుకుంటుంది. ఆ ఆలస్యమే సీట్లో కూర్చున్న మీకు తెలుస్తోంది.

పట్టీ ముందు కొస బాడీకి బిగిసే స్ప్రింగ్ పాకెట్ల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మిషిగన్, ఒహాయో లాంటి మంచు రాష్ట్రాల్లో తిరిగిన కారైతే రోడ్ల మీద చల్లిన ఉప్పు అక్కడ చేరి తుప్పు తినేసి ఉండొచ్చు. అక్కడి బోల్టులు పట్టుకునే నట్లు లోపల రేకు గూటిలో ఉంటాయి. తుప్పు పడితే బోల్టుతోపాటు నట్టు కూడా గిరగిరా తిరుగుతుంది, అప్పుడు రేకు కోసి బయటికి తీయాల్సిందే. నాలుగైదు రోజుల ముందు నుంచే రోజూ ఆయిల్ కొడుతూ ఉండండి. ఆ ఇనుము బలహీనంగా ఉంటే ఫోర్ లింక్ అయినా, పట్టీ అయినా ముందు వెల్డింగ్ పనే చేయించాలి.

ఇంకో ప్రశ్న. మీ యాక్సిల్‌లో పోసిట్రాక్షన్ (ఒక చక్రం జారినా రెండో చక్రానికీ బలం పంపే డిఫరెన్షియల్) ఉందా? డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే తిప్పుడుకి యాక్సిల్ ఎడమ కొస కిందికి నొక్కుకుని కుడి కొస తేలికవుతుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే ఆ తేలికైన కుడి చక్రం ఒక్కటే తిరిగిపోతుంది. ఎంత ఖరీదైన సస్పెన్షన్ వేసినా ఆ లోటు పూర్తిగా తీరదు. పోసి లేకపోతే బడ్జెట్‌లో దానికీ కొంత పక్కన పెట్టుకోండి.

ఇక పట్టీల ఎంపిక. పాతవాటికంటే పావు వంతు నుంచి మూడో వంతు వరకు గట్టిగా ఉంటే రోడ్డు మీదికి చాలు. అంతకంటే గట్టివి వేస్తే మలుపులో లోపలి చక్రం సరిగా నొక్కుకోదు, గతుకుల్లో వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. ఇది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. పట్టీ గట్టిగా ఉండాల్సింది ముఖ్యంగా ముందు సగంలో, ఎందుకంటే తిరుగుడును ఆపేది ఆ భాగమే. క్రైస్లర్ కార్లలో యాక్సిల్‌ను పట్టీ మధ్యలో కాకుండా ముందుకు జరిపి బిగించేవారు. ముందు భాగం పొట్టిగా, గట్టిగా ఉంటుంది, వెనక పొడవు భాగం మెత్తగా నడుపుతుంది. దానికితోడు పినియన్ ముక్కు మీద రబ్బరు స్నబ్బర్ ఒకటి. క్రైస్లర్ వాళ్ల ఆ కాలపు డాడ్జ్, ప్లిమత్ కార్లు డ్రాగ్ స్ట్రిప్‌లో అంత చక్కగా లేవడానికి ఈ సాదా అమరిక చాలా ఉపయోగపడింది. కమారోకి పట్టీలు కొనేటప్పుడు కూడా ముందు సగానికి అదనపు లీఫ్ ఉన్నాయా, మధ్య క్లాంపులు ఎక్కడున్నాయి అని అడగండి. మీది మోనో లీఫ్ అయితే మల్టీ లీఫ్‌కి మారేటప్పుడు కింది ప్లేట్లు, యూ బోల్టులు కూడా మారతాయి. అవి ప్యాకెట్లో వస్తాయో రావో ముందే కనుక్కోండి.

కారు కిందికి దించాలని ఉంటే ఆ దించుడు పట్టీ వంపులోనే ఉండేలా కొనండి. ఒకటి రెండు అంగుళాల డ్రాప్‌తో తయారు చేసినవే దొరుకుతాయి. చవకగా అవుతుందని లోయరింగ్ బ్లాకులు పెట్టొద్దు. బ్లాకు ఎంత మందమైతే యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య అంత దూరం పెరుగుతుంది, ఆ మేరకు పట్టీని వంచే శక్తీ పెరుగుతుంది. మీకున్న జబ్బే వీల్ హాప్, బ్లాకు దాన్ని పెంచుతుంది. పొడవు షాకిళ్లు, ఎయిర్ షాకులతో వెనక భాగం ఎత్తడం డెబ్బైలలో పెద్ద ఫ్యాషన్. దాని జోలికీ వెళ్లకండి. షాకు పై మౌంటు పలచటి రేకు, బరువు మోయడానికి చేసింది కాదు.

బుష్‌ల దగ్గర నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. ముందు ఐకి పాలీయురెథేన్ గానీ, డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్)-అల్యూమినియం రకం గానీ వేయండి. షాకిల్ వైపు మంచి రబ్బరే ఉంచండి. కారు ఒరిగినప్పుడు పట్టీ కొంచెం మెలి తిరగాలి. రెండు కొసలూ గట్టివి వేస్తే మెలి తిరగడానికి చోటు లేక పట్టీ బిగుసుకుంటుంది. అప్పుడు వెనక భాగం ఉన్నట్టుండి జారుతుంది, ముందుగా హెచ్చరిక కూడా ఇవ్వదు. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. లిఫ్టు మీద వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. డబ్బులు తీసుకునే షాపుల్లో కూడా ఇది సరిగా చేయరు. మీరు పక్కనుండి అడిగి చేయించుకోండి.

షాకుల మీద కక్కుర్తి వద్దు. బిల్‌స్టీన్, కోనీ, క్యూఏ1 ఏదైనా ఒక మంచి జత తీసుకోండి. మీ వాడకానికి ఒక్క నాబ్ ఉన్న సింగిల్ అడ్జస్టబుల్ చాలు. కారు రెండంగుళాలు దించితే షాకు లోపలికి వెళ్లే దూరమూ దాదాపు రెండంగుళాలు తగ్గిపోతుంది. కాబట్టి పొట్టి బాడీ ఉన్న షాకు కావాలి. నిలబడి ఉన్నప్పుడు ఇంకా మూడంగుళాలైనా లోపలికి పోయే చోటు ఉండేలా చూసుకోండి. దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటి చెప్తాను. రాడ్ బయటికి కనిపించే షాకైతే దానికి ఒక జిప్ టై బిగించి బాడీ దాకా తోసి పెట్టండి. బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలే చోట యాక్సిల్ మీద పిల్లలు ఆడుకునే ప్లేడో ముద్ద బొటనవేలంత మందం అతికించండి. మీకు తెలిసిన గతుకుల రోడ్డు మీద ఓ రౌండు వేసి రండి. జిప్ టై ఎక్కడిదాకా జరిగిందో, ముద్ద ఎంత పలచబడిందో చూస్తే వెనక భాగం ఎంత కదులుతోందో కళ్ల ముందే ఉంటుంది. ముద్ద కాగితంలా అణిగిపోయిందంటే కారు బంప్ స్టాప్ మీద కూర్చుంటోంది, స్ప్రింగో ఎత్తో మార్చాలి. ముద్ద చెక్కుచెదరకుండా ఉంటే కిందికి దించడానికి ఇంకా చోటుందని అర్థం.

ఇవన్నీ చేశాక కూడా లాంచ్‌లో దడ మిగిలితే అప్పుడు ట్రాక్షన్ బార్లు, అంటే యాక్సిల్ తిరగకుండా ఆపే కడ్డీలు. పాతకాలం స్లాపర్ బార్లు పట్టీ కింద ఉండి, యాక్సిల్ తిరిగినప్పుడు రబ్బరు ముక్కతో ముందు ఐ దగ్గర తగులుతాయి. పనిచేస్తాయి, కానీ తగిలేదాకా పట్టీ వంగుతూనే ఉంటుంది. కాల్వర్ట్ రేసింగ్ వాళ్ల కాల్‌ట్రాక్స్ ఇంకొంచెం తెలివైనవి. యాక్సిల్ తిరిగే బలం రాడ్డు ద్వారా ముందు ఐ దగ్గరున్న పివట్‌కి చేరుతుంది, ఆ పివట్ పట్టీ ముందు సగాన్ని పైనుంచి కిందికి నొక్కుతుంది. పట్టీని వంచబోయిన బలమే పట్టీ వంగకుండా ఆపుతుంది, టైరును రోడ్డుకి అదుముతుంది. నాలుగో పనిని పట్టీ మీద నుంచి దించడానికి ఇంతకంటే తక్కువ ఖర్చు దారి నాకు తెలియదు. కారు కోయనక్కర్లేదు, రేపు వద్దనుకుంటే విప్పేసి పక్కన పెట్టుకోవచ్చు. మీ ఆటోక్రాస్ కోసం అడ్జస్ట్‌మెంట్‌లో కొంచెం వదులు ఉంచండి, లేకపోతే మలుపుల్లో బిగుసుకుంటుంది. మస్టాంగ్ ఉన్న మీ స్నేహితుడికీ ఇదే చెప్పండి. 1965 షెల్బీ జీటీ350కి కూడా లీఫ్ స్ప్రింగులు తీయలేదు, యాక్సిల్ మీదుగా ట్రాక్షన్ బార్లు పెట్టారు.

పినియన్ కోణం గురించి ఎవరూ చెప్పరు, దీనికి ఖర్చు కూడా దాదాపు లేదు. ట్రాన్స్‌మిషన్ తోక 3 డిగ్రీలు కిందికి ఉందనుకోండి. గట్టిగా లాగుతున్నప్పుడు పినియన్ దానికి సమాంతరంగా, అంటే ముక్కు 3 డిగ్రీలు పైకి ఉండాలి. పట్టీ వంగి ముక్కు 2 డిగ్రీలు లేస్తుంది కాబట్టి, కారు నిలబడి ఉన్నప్పుడు 1 డిగ్రీ పైకి పెట్టాలి. తేడా ఉంటే పట్టీకీ యాక్సిల్ ప్యాడ్‌కీ మధ్య ఏటవాలు షిమ్ (పలచటి లోహపు ముక్క) పెట్టి సరిచేయొచ్చు. చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్ చాలు. కొలిచేటప్పుడు కారు బరువంతా చక్రాల మీదే ఉండాలి. కొత్త పట్టీలు వేశాక 60 మైళ్ల వేగం దగ్గర సన్నటి వణుకు మొదలైందంటే ముందు అనుమానించాల్సింది ఈ కోణాన్నే.

వెనక స్వే బార్ (కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) అమ్మజూపుతారు. మొదటి తరం కమారోకి కంపెనీ నుంచి వెనక బార్ రాలేదు. ముందు బార్ మందమైనది వేసి, కొత్త పట్టీలతో నడిపి చూశాక, ఇంకా ముక్కు మలుపు బయటికి పోతోందనిపిస్తే అప్పుడు సన్నటిది ఆలోచించండి. మందమైన వెనక బార్ మలుపులోంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి చక్రాన్ని ఎత్తేస్తుంది. సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు మాత్రం తప్పకుండా వేయించండి. కమారో ముందు భాగం విడి ఫ్రేము, వెనక భాగం యూనిబాడీ, అంటే విడి ఫ్రేము లేకుండా బాడీయే బరువు మోస్తుంది. రెంటినీ కలిపి కట్టేస్తే మీరు సస్పెన్షన్‌లో చేసిన ప్రతి మార్పూ స్పష్టంగా తెలుస్తుంది.

మరి ఫోర్ లింక్ ఎప్పుడు? ఇంజను 500 హార్స్‌పవర్ దాటినప్పుడు, మినీ టబ్ చేసి (వెనక చక్రాల గూళ్లు లోపలికి వెడల్పు చేసి) వెనక 295, 315 టైర్లు పెట్టినప్పుడు, ప్రతి నెలా ట్రాక్‌కి వెళ్తున్నప్పుడు. అప్పుడు పట్టీకి ఒక్క పని కూడా మిగలదు, దాన్ని తీసేయడమే న్యాయం. బరువు కాయిల్‌ఓవర్లు మోస్తాయి, తిరుగుడును నాలుగు లింకులు ఆపుతాయి, పక్క కదలికను పాన్‌హార్డ్ రాడ్ గానీ వాట్స్ లింక్ గానీ పట్టుకుంటుంది. డెట్రాయిట్ స్పీడ్ వాళ్ల క్వాడ్రాలింక్ ఈ కారుకి బాగా కుదిరిన అమరిక, దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అది వెల్డింగ్ పని, ఫ్లోర్ కోసే పని, చాలాసార్లు ఎగ్జాస్ట్ దారి మార్చే పని. కిట్ ధర చూసి లెక్కేయకండి, బిగించే కూలీ కూడా దాదాపు అంతే అవుతుంది. కాయిల్‌ఓవర్లను పాత షాకు మౌంట్లకే తగిలిస్తామని ఎవరైనా అంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. కారు వెనక బరువంతా మోయాలంటే కొత్త క్రాస్ మెంబర్ ఉండి తీరాలి.

ఫోర్ లింక్ బ్రాకెట్లు యాక్సిల్ గొట్టానికి వెల్డ్ చేస్తారు. అంటే ముందు యాక్సిల్ సంగతి తేలాలి. మీ 10 బోల్ట్‌లో రింగ్ గేరు 8.2 అంగుళాలు, 12 బోల్ట్‌లో 8.875. ఫోర్ లింక్ అవసరమయ్యే పవర్ వచ్చేసరికి ఎలాగూ 12 బోల్టో ఫోర్డ్ 9 అంగుళాలదో పెడతారు. ఇవాళ 10 బోల్ట్‌కి బ్రాకెట్లు వెల్డ్ చేయిస్తే ఆ పనంతా రేపు మళ్లీ చేయించాలి. నాకు తెలిసి ఈ ఒక్క కారణం చాలు, మీరు ప్రస్తుతానికి ఆగడానికి.

అడిగారు కాబట్టి షెవ్రొలే వాళ్లదే ఇంకో కారు షెవెల్ గురించి ఒక్క మాట. 1964 నుంచి 72 దాకా వచ్చిన షెవెల్‌కి కంపెనీ నుంచే కాయిల్ స్ప్రింగులు, ఏటవాలు పై ఆర్ములతో ఫోర్ లింక్ ఉంది. దానికి కిట్ వెతకక్కర్లేదు. బాక్స్ చేసిన కింది ఆర్ములు, తిరగడానికి చోటిచ్చే బుష్‌లు, మంచి స్ప్రింగులు వేస్తే సరిపోతుంది.

మీ బడ్జెట్లో అయితే వరస ఇలా పెట్టుకోండి. మొదట తుప్పు, బోల్టులు. తర్వాత పట్టీలు, బుష్‌లు, షాకులు ఒకేసారి, ఎందుకంటే మూడింటికీ విప్పే పని ఒకటే. వాటితోపాటే పినియన్ కోణం. ఓ నెల నడిపి చూసి కనెక్టర్లు, ముందు స్వే బార్. దడ ఇంకా ఉంటేనే కాల్‌ట్రాక్స్. టైర్లు ఎనిమిదేళ్లు దాటినవైతే మాత్రం వీటన్నిటికంటే ముందు టైర్లే మార్చండి. ఎండిపోయిన రబ్బరు పట్టుకుని, వదిలేసి, మళ్లీ పట్టుకుంటుంది, మీ వీల్ హాప్‌లో సగం పాపం దానిదే కావొచ్చు.

కొత్త యూ బోల్టులు మొదటి వంద మైళ్ల తర్వాత ఒకసారి, ఐదు వందల మైళ్ల తర్వాత ఒకసారి టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. పట్టీలు సర్దుకుంటూ కొంచెం వదులవుతాయి. పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి. ఈ వారం వీలైతే పట్టీ ఒకటా కట్టా, రెండువైపులా ఎత్తు కొలతలు, పినియన్, ట్రాన్స్‌మిషన్ కోణాలు, వెనక టైరు సైజు రాసి పంపండి. అవి చూసి మీకు ఏ స్ప్రింగ్ రేటు, ఎంత డ్రాప్ సరిపోతుందో చెప్తాను.